కొలతలకు కరువు లేదు

మానవజాతి ఆకలిని జయించలేకపోయిందని నిందించేవారు అన్యాయంగా మాట్లాడుతున్నారు. ఆకలిని ఇంత నిక్కచ్చిగా కొలిచిన తరం చరిత్రలో మరొకటి లేదు. అన్నం పెట్టడమన్నది ఆ తరువాతి పని, దానికి తొందరేమీ లేదు.

నమ్మనివారు పిల్లలు ఎంత చిక్కిపోయారో కొలిచే రంగుల పట్టీని ఒక్కసారి చూడాలి. ఆరు నెలలు నిండి ఐదేళ్ల లోపున్న పిల్లల ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ దాన్ని చుడతారు. చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తగ్గితే ఎరుపు రంగు కనిపిస్తుంది. 117 ఉంటే పసుపు, అంటే పరిస్థితి ఇంకా చేయి దాటలేదన్నమాట. పట్టీ చుట్టే ఆరోగ్య కార్యకర్తను నేను వేళాకోళం చేయడం లేదు. ఎందరో పిల్లలు ఆమె వల్లే బతికారు.

ఇక కరువు అన్న మాటను ఎవరు పడితే వారు వాడడానికి వీల్లేదు. ఆకలిని అయిదు దశలుగా విడదీసే అంతర్జాతీయ కొలమానం ఒకటుంది. ప్రతి ఐదు కుటుంబాల్లో కనీసం ఒకటి తిండికి పూర్తిగా మొహం వాచి ఉండాలి, పసిపిల్లల్లో 30 శాతం మంది తీవ్రంగా చిక్కిపోయి ఉండాలి, 10,000 మందిలో రోజుకు ఇద్దరైనా చనిపోవాలి. ఒక్కరే పోతుంటే అది నాలుగో దశ; కరువు అయిదోది. యుద్ధం వల్ల లెక్కలు రాసుకునేవారే లోపలికి వెళ్లలేకపోతే, చనిపోయేవారు తమ వివరాలు తామే భద్రపరచి ఉంచడం మర్యాద.

2025 జూన్‌లో ప్రపంచ బ్యాంకు కటిక పేదరికపు గీతను రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు జరిపినప్పుడు, 12 కోట్ల మందికి పైగా నిద్రలో ఉండగానే కటిక పేదలైపోయారు. తెల్లారి లేచి వారు తిన్నది మాత్రం నిన్నటి పాటిదే.

సంపన్న దేశాలకూ ఒక గీత ఉంది. జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానించింది. ఆ గీతను అందుకున్న దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వారి జబ్బకు చుట్టే పట్టీని ఎవరూ తయారుచేయలేదు. చేసినా, ఎరుపు తేలినవారిని ఏ ఆసుపత్రిలో చేర్చుకుంటారు?

గడువుల విషయంలోనూ లోటు చేయలేదు. పదేళ్లలో ఏ బిడ్డా ఆకలితో నిద్రపోదని 1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సభలో ప్రకటించారు. 2015 నాటికి ఆకలిగొన్నవారిని సగానికి తగ్గిస్తామని 1996లో మళ్లీ రోమ్‌లోనే అన్నారు. 2015 వచ్చాక, 2030 నాటికి ఆకలే ఉండదన్నారు. 2024లో ఆకలితో ఉన్నవారు 67 కోట్లకు పైనే అని లెక్క తేలింది కనుక, తదుపరి తేదీని ఇప్పుడే చూసిపెట్టుకోవడం మంచిది. సభ ఎక్కడన్న చర్చ అక్కర్లేదు. రోమ్ అందరికీ అలవాటైన ఊరే.