మెష్ పోయింది, లెక్క పోలేదు

గేర్‌బాక్స్‌లో నూనె ఎలా చిమ్ముతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం పాత పద్ధతిలో పెద్ద తలనొప్పి. లోపలి జాగా అంతా చిన్నచిన్న గళ్లుగా కోయాలి. దాన్నే మెష్ అంటారు. గేర్ పళ్లు తిరిగేకొద్దీ గళ్లు నలిగిపోతాయి, మళ్లీ కట్టాలి. హైదరాబాద్, బెంగళూరు ఇంజినీరింగ్ సర్వీసుల కంపెనీల్లో చాలామందికి తొలి ఉద్యోగం ఈ మెషింగే.

అందుకే ద్రవాన్ని కణాల గుంపుగా చూసే ఎస్‌పీహెచ్ (స్మూత్డ్ పార్టికల్ హైడ్రోడైనమిక్స్) పద్ధతి వాళ్లకు హాయిగా తోస్తుంది. 1977లో శాస్త్రవేత్తలు లూసీ ఒకవైపు, గింగోల్డ్, మోనహన్ మరోవైపు నక్షత్రాల లెక్కల కోసం దీన్ని కనిపెట్టారు. 1994లో మోనహన్ దీన్నే డ్యామ్ తెగి దూకే నీటికి వాడి చూపించాడు. ప్రతి కణం తన ఇరుగుపొరుగు కణాలను చూసి సాంద్రత, పీడనం లెక్కేసుకుని కదులుతుంది. నూనె చిట్లినా, మళ్లీ కలిసినా కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. కణాలన్నిటికీ ఒకే తరహా పని కాబట్టి గ్రాఫిక్స్ కార్డుల మీద చకచకా నడుస్తుంది.

ఈ లెక్కలోంచి వచ్చే వీడియో ముచ్చటగా ఉంటుంది. నా పేచీ ఆ ముచ్చటతోనే. లీటరు నూనెను మిల్లీమీటరు కణాలుగా విడగొడితే 10 లక్షలవుతాయి. అర మిల్లీమీటరుకు దిగితే 80 లక్షలు. లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిపే కాలమూ సగానికి తగ్గించాలి కనుక పని 16 రెట్లు. మెషింగ్ తప్పి మిగిలిన రోజులు ఇక్కడ ఖర్చవుతాయన్నమాట. ఇంత చేశాక కూడా ఒకదాన్నొకటి ఒరుసుకునే పళ్ల మధ్య నూనె పొర మందం మైక్రాన్లలోనే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. మన కణమేమో 500 మైక్రాన్లు! నూనె ఫలానా బేరింగ్ దాకా చేరుతుందా అని అడిగితే ఈ లెక్క పనికొస్తుంది. పన్ను అరుగుతుందా అని దీన్ని అడగకూడదు.

పైగా పని తగ్గుతుందని చాలాసార్లు గాలిని లెక్కలోంచి తీసేస్తారు. నెమ్మదిగా తిరిగే గేర్లకు ఫర్వాలేదు. విద్యుత్ కార్లలో మోటారు నిమిషానికి 10 వేల చుట్లు దాటినప్పుడు గాలి నూనె తుంపరలను పక్కకు ఈడ్చేస్తుంది, నూనెలో బుడగలు నింపుతుంది.

విమానం రెక్క దగ్గర ఇంకా కష్టం. రెక్కను అంటుకుని పారే పలచని గాలి పొరలో గళ్లను సన్నగా, పొడుగ్గా సాగదీయొచ్చు. మామూలు ఎస్‌పీహెచ్ కణానికి ఆ వీలు లేదు. అక్కడ మెషే నయం.

వీడియో పట్టుకొచ్చేవాళ్లను నేనడిగేది ఒకటే: కణం సైజు సగం చేస్తే షాఫ్ట్ (గేర్లు తిరిగే ఇరుసు) మీద టార్క్, అంటే తిప్పే బలం, ఎంత మారింది? రిగ్ (అసలు గేర్‌బాక్స్‌ను తిప్పి చూసే పరీక్ష బల్ల) మీద కొలిచిన టార్క్‌తో ఎంత కలిసింది? జవాబుగా మళ్లీ వీడియోనే ప్లే చేస్తే, టీ తాగి లేచి వచ్చేయడమే.