పారాసిటమాల్ బిళ్లలో మచుపో వైరస్ లేదు

మొన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తీ ఎత్తకముందే మా వీధి పెద్దమ్మ ఒకామె వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక స్ట్రిప్పు కౌంటర్ మీద పెట్టింది. పది బిళ్లల్లో రెండే వాడింది. "ఇవి నాకొద్దు నాయనా. వీటిలో వైరస్ ఉందంట, మా మనవడు ఫోన్లో చూపించినాడు" అంది. మోకాళ్ల నొప్పికీ, జ్వరానికీ ఆమె ఏళ్ల తరబడి వేసుకుంటున్న పారాసిటమాల్ 500 అది. కడపలో మెడికల్ షాపు నడుపుతున్న నాకు ఆ మెసేజ్ అప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చింది.

మెసేజ్ సారాంశం ఇది: "పి-500 అని రాసిన పారాసిటమాల్ వేసుకోవద్దు. కొత్తగా వచ్చిన ఈ బిళ్ల చాలా తెల్లగా, మెరుస్తూ ఉంటుంది. ఇందులో ప్రాణాంతకమైన మచుపో వైరస్ ఉందని డాక్టర్లు నిరూపించారు. అందరికీ పంపి ప్రాణాలు కాపాడండి." కింద ఒళ్లంతా బొబ్బలెక్కిన మనిషి ఫోటోలు.

ముందు ఆ వైరస్ సంగతి. మచుపో అనేది నిజంగానే ఉంది, భయంకరమైనదే. సోకినవాళ్లలో నూటికి పాతిక మంది దాకా చనిపోవచ్చు. అది దక్షిణ అమెరికాలోని బొలీవియా దేశపు జబ్బు. అక్కడ 1959లో బయటపడింది. 1963లో శాన్ హోకిన్ అనే ఊళ్లో రోగి శరీరం నుంచి వైరస్‌ను వేరుచేసి, దగ్గర్లోని ఏటి పేరే దానికి పెట్టారు. అక్కడి పొలాల్లో తిరిగే ఒక జాతి చిట్టెలుక ఉచ్చలో, పెంటికల్లో ఆ వైరస్ ఉంటుంది. అవి కలిసిన దుమ్ము పీల్చినా, అవి పడిన తిండి తిన్నా మనిషికి సోకుతుంది. ఆ ఊళ్లో పిల్లులు చచ్చిపోయి ఎలుకలు ఇళ్లలో చేరాయి. మన ఇళ్లలో శనక్కాయల మూటల చుట్టూ ఎలుకలు ఎలా చేరతాయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. 1964లో ఇంటింటికీ బోన్లు పెట్టి ఎలుకల్ని పట్టాక కొద్ది వారాల్లోనే జబ్బు ఆగింది. ఆ ఎలుక మన దగ్గర లేదు, ఆ జబ్బు మన దేశంలో వచ్చిన దాఖలా కూడా లేదు.

దుమ్ములో ఉండే వైరస్ బిళ్లలో ఎందుకుండదు అని ఒక కుర్రాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వైరస్ పెరగాలంటే బతికున్న కణం కావాలి. బయట పడితే కొంతసేపు నిలుస్తుందేమోగానీ, ఇలాంటి వైరస్ పొడిగా ఉన్నచోట నెలల తరబడి బతకదు. పారాసిటమాల్ ఏ జంతువు నుంచీ తీసింది కాదు, రసాయనాలతో తయారుచేసే పొడి. దాన్ని గంజిపిండి లాంటి వాటితో కలిపి తడిపి, రవ్వలా చేసి, వేడి గాలిలో తేమ పోయేదాకా ఆరబెట్టి, మెషీన్‌లో గట్టిగా నొక్కితే బిళ్ల అవుతుంది. షాపుకొచ్చి మీ చేతికందేసరికి ఎన్నో నెలలు గడుస్తాయి.

తెలుపు, మెరుపు అంటారా, ఆ పొడి రంగే తెలుపు. నున్నటి అచ్చులో నొక్కితే బిళ్ల నిగనిగలాడుతుంది. పి అంటే పారాసిటమాల్, 500 అంటే మిల్లీగ్రాములు. డోలో అన్నా, క్రోసిన్ అన్నా, కాల్‌పాల్ అన్నా లోపలి మందు ఇదే.

"డాక్టర్లు నిరూపించారు" అన్నారు. ఏ డాక్టరు, ఏ ల్యాబు? మందులో నిజంగా లోపముంటే డ్రగ్ కంట్రోల్ వాళ్లిచ్చే హెచ్చరికలో కంపెనీ పేరు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ ఉంటాయి. వాటిని చూసి మేం ఆ స్టాకు పక్కన పెడతాం. పారాసిటమాల్ బ్యాచ్‌లు కూడా అప్పుడప్పుడు నాణ్యత పరీక్షలో తప్పుతాయి, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఈ మెసేజ్‌లో ఒక్క బ్యాచ్ నంబర్ కూడా లేదు. 2017లో ఇదే మెసేజ్ తిరిగినప్పుడు ఇండోనేషియా, మలేషియా, సింగపూర్ ప్రభుత్వాల ఆరోగ్య శాఖలు, మందుల నియంత్రణ సంస్థలు ఇది అబద్ధమని ప్రకటించాయి.

ఫోటోల గురించి ఒక మాట ఒప్పుకోవాలి. పారాసిటమాల్ వల్ల చర్మం బొబ్బలెక్కి ఊడిపోయే తీవ్రమైన రియాక్షన్ చాలా అరుదుగా వస్తుంది. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించే హెచ్చరించింది. అది మందు పడకపోవడం, వైరస్ కాదు. ఏ మందు వేసుకున్నాకైనా దద్దుర్లు, నోట్లో పుండ్లు, బొబ్బలు వస్తే వెంటనే మందు ఆపి ఆస్పత్రికి పోవాలి.

నాకు అసలు భయం వేరే ఉంది. ఈ మెసేజ్ చదివినవాళ్లు నొప్పిని ఓర్చుకుని ఊరుకోరు. "ఇది కాకుండా పవర్ ఉండేది ఇవ్వు" అంటారు, లేదా పోయి డైక్లోఫినాక్ అనే నొప్పి సూది వేయించుకుంటారు. వానలు పడ్డాక మన ఊళ్లలో వచ్చే జ్వరం డెంగీ అయ్యుంటే, డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచగలవు. డెంగీ జ్వరానికి డాక్టర్లు వేసుకోమనేది పారాసిటమాలే. ఉన్నదాంట్లో భద్రమైన బిళ్లను పారేయించి, ప్రమాదమైన బిళ్లను చేతికిస్తోంది ఈ మెసేజ్. ఇది తలచుకుంటేనే నాకు కోపం, టెన్షన్ రెండూ వస్తాయి.

పారాసిటమాల్‌తో నిజంగా జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర. పెద్దవాళ్లు ఒక్కసారికి ఒకటో రెండో, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడంతో, రోజు మొత్తానికి 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిదికి మించకూడదు. దాటితే లివర్ దెబ్బతింటుంది. మద్యం తాగేవాళ్లకు, లివర్ జబ్బున్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ, డాక్టర్ని అడిగే వేసుకోవాలి. జలుబు బిళ్లల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. అదీ ఇదీ కలిపి వేసుకుంటే తెలియకుండానే డోసు పెరుగుతుంది. పిల్లలకు బరువును బట్టి ఇవ్వాలి.

పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి స్ట్రిప్పు వెనక్కి తిప్పి చూపించాను. బ్యాచ్ నంబర్, తయారైన తేదీ, ఎక్స్‌పైరీ చదివి వినిపించాను. "అయితే వేసుకోవచ్చా?" అని రెండుసార్లు అడిగి, మళ్లీ కొంగులో ముడేసుకుంది. సాయంత్రం మనవడే వచ్చాడు. తాను ఏయే గ్రూపుల్లో ఆ మెసేజ్ పెట్టాడో, వాటన్నిటిలోనూ జవాబు పెడతానన్నాడు, రాసిమ్మన్నాడు. ఇదే అది.