కొలెస్ట్రాల్ నార్మలేనట, సంతోషం!

ఇప్పుడే మా పెదనాన్నగారి పెద్దబ్బాయితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. ఆయన సొంత తమ్ముడికి గుండె కండరం మందమైందని తేలింది. మామూలుగా 12 మిల్లీమీటర్ల లోపు ఉండాల్సిన గోడ 22 ఉంది. ఛాతీలో ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసే చిన్న యంత్రం) పెట్టించుకుని ఇంటికొచ్చాడు. "నువ్వూ ఒకసారి ఎకో, అదే గుండె స్కాన్, తీయించుకో అన్నయ్యా" అంటే ఆయనగారి జవాబు: "నాకు కొలెస్ట్రాల్ నార్మల్, రోజూ పరిగెడతాను, నాకేం రోగం?"

కొలెస్ట్రాల్ రక్తనాళాల గొడవ. ఇది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, కండరం గొడవ, జన్యువులోనే తేడా. యాంజియోగ్రామ్ శుభ్రంగా వచ్చినా ఇది ఉండొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ తేడా ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. తమ్ముడికి వచ్చేసింది కాబట్టి ఆ ఇంటి కోటా అయిపోయిందనుకున్నాడు కాబోలు!

పరిగెత్తేవాళ్లకి రాదట. కుర్ర ఆటగాళ్లు మైదానంలో కుప్పకూలడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. అలాంటప్పుడు జిమ్ వల్లనీ, ఇంజెక్షన్ వల్లనీ వీడియోలు ఫార్వర్డ్ చేసేది మళ్లీ ఈ అన్నయ్యే.

ఈ జబ్బు తెచ్చే తేడాని 1990లో మయోసిన్ (కండరం బిగుసుకునేలా చేసే ప్రోటీన్) జన్యువులో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. దక్షిణాసియా వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఇంకో జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయాయనీ, దానితో గుండె కండరానికి ముప్పు పెరుగుతుందనీ 2009లో చెప్పారు. అతిగా బిగుసుకునే కండరాన్ని కాస్త వదులు చేసే మావాకామ్టెన్ మాత్రకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. వాళ్లు దశాబ్దాలు లాబుల్లో కూర్చున్నారు. మనవాడు మాత్రం ఛాతీకి చల్లటి జెల్ రాయించుకుని, ఎడమ పక్కకి తిరిగి అరగంట పడుకోలేడు!

అయినా అన్నయ్యనని ఏం లాభం? ఈ రోగం ఆ ఇంటికి కొత్తా? పెద్దమ్మకి మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం. ఆ డాక్టరుగారు స్టెతస్కోప్ పెట్టి "మర్మర్ ఉంది, చిన్నదేలే" అన్నారు. మర్మర్ అంటే గుండె చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దం. ఈ జబ్బు మర్మర్ గొంతుక్కూర్చుని లేవగానే పెరుగుతుంది. ఆ ఒక్క పని చేయించి విన్నా అనుమానం వచ్చేది. ఆడమనిషికి ఆయాసమొస్తే అంత శ్రమ ఎవరు పడతారు? "టెన్షన్ తగ్గించుకోండమ్మా" అని పంపేశారు. పెద్దమ్మ నిద్రలోనే పోయింది, అందరూ "పుణ్యాత్మురాలు, సుఖంగా వెళ్లింది" అన్నారు. ఆ ప్రిస్క్రిప్షన్ నేను చూశాను. డాక్టర్ల రాత అర్థం కాదంటారు గానీ, నిద్రమాత్ర పేరు మాత్రం ముత్యాల్లా రాశారు.