పిల్లల్ని లోకం ఎత్తుకుపోలేదు, మనమే దింపి వచ్చాం

ఏ ఉపవాస ప్రార్థనకు వెళ్లినా ఒకటే మాట: "యవ్వనస్థులు లోకంలో పడిపోతున్నారయ్యా, ప్రార్థన చేయండి." ఆ వెంటనే తిట్లన్నీ ఫోనుకి, రీల్స్‌కి, హైదరాబాద్ హాస్టళ్లకి. వింటుంటే ఒళ్లు మండుతుంది. ఫోను చేతికొచ్చే లోపు మనం వాళ్ల చేతిలో ఏం పెట్టామో ఎవరూ మాట్లాడరు.

మూడేళ్లకే సండే స్కూల్లో వేస్తాం. మే సెలవుల్లో వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూలు), యాక్షన్ సాంగులు, కంఠత వాక్యాలు, చివరి రోజు ప్రోగ్రాము, ప్రైజులు. పన్నెండేళ్ల దాకా ఏ లోటూ చేయం. పదమూడో ఏడు వచ్చేసరికి ఏముంది? పెద్దల ఆరాధనలో వెనక బెంచీ, రెండున్నర గంటలు. కీబోర్డు వస్తే స్టేజీ ఎక్కిస్తాం, రాకపోతే మైకు సెట్టు దగ్గర కూర్చోబెడతాం, ఆడపిల్లయితే చిన్నపిల్లలకు టీచరమ్మను చేస్తాం. పని అప్పజెప్పాం కదా, విశ్వాసం దానంతటదే వచ్చేస్తుందని మన ధీమా. డ్రమ్స్ వాయించే కుర్రాడు పాస్టరు గారు వాక్యం మొదలుపెట్టగానే బయటికెళ్లి బైకు మీద కూర్చుంటాడు. అది అందరూ చూస్తారు, ఎవరూ అడగరు, అడిగితే వచ్చే వారం డ్రమ్స్ ఉండవు మరి.

ఆ తర్వాత ఇంటర్. అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు బేరమాడతాం, మెస్సు చూస్తాం, రూముకి ఎంతమందో కనుక్కుంటాం. ఆదివారం పొద్దున రెండు గంటలు బయటికి పంపుతారా అని అడిగే తండ్రిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆదివారం టెస్టంటే తలూపి వచ్చేస్తాం. "రెండేళ్లే కదా నాన్నా, ముందు ర్యాంకు రానీ." ఇంట్లో ఎవరు ముందో, ఎవరు తర్వాతో పదహారేళ్ల వాడికి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. ఆ తర్వాత వెయ్యి ప్రసంగాలు వినిపించినా అది చెరగదు.

అమెరికన్ బాప్టిస్టుల ఒంగోలు మిషన్ తొలి రోజుల్లో, అంటే పంతొమ్మిదో శతాబ్దంలో, మాదిగపల్లెల్లో ప్రభువును నమ్మినవాళ్లకు గుర్తులు మూడే: విగ్రహాలకు మొక్కకపోవడం, చచ్చిన గొడ్డు మాంసం ముట్టకపోవడం, ఆదివారం పనికి పోకపోవడం. మూడోది చాలా ఖరీదైన గుర్తు. ఆసామి పిలిస్తే "ఇవాళ రాను" అనడమంటే ఆ రోజుల్లో కూలీ పోయినట్టే, ఒక్కోసారి వీపూ చిట్లినట్టే. ఆ ముత్తాతల ఆదివారాన్ని మనం వీకెండ్ టెస్టుకు రాసిచ్చేశాం, అదీ లక్షల ఫీజు ఎదురు కట్టి మరీ.

కాలేజీ మానిపించమని కాదు. చేర్చే రోజే, డబ్బు కట్టకముందే, ఆదివారం ఔటింగ్ సంగతి తేల్చుకోండి. కట్టాక అడిగితే ఎవరూ వినరు. కుదరదంటే, నెలకోసారి ఇచ్చే ఔటింగులో ముందు ఆ ఊరి సంఘం (చర్చి), తర్వాతే బిర్యానీ. వారానికో ఫోను చేయండి, ఐదు నిమిషాలు చాలు, కానీ ఆ ఐదు నిమిషాల్లో మార్కుల ఊసు ఎత్తకూడదు. ఇది ఎంత కష్టమో చేసి చూస్తేనే తెలుస్తుంది.

ఇక భాష. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు." ఎనిమిదో తరగతి ఇంగ్లీషు మీడియం పిల్లాణ్ణి 'లేమి' అంటే ఏంటో అడగండి. గడగడా అప్పజెప్పిన వాడే నీళ్లు నములుతాడు. 'పరుండజేయుచున్నాడు' దగ్గర ఆగిపోతాడు. పాత బైబిలు అనువాదం అందం కాదనను, అది లేకపోతే మన ప్రార్థనల భాషే లేదు. కానీ అర్థం కాని భాషలో విన్నది పదేళ్లయినా చెవి దగ్గరే ఉంటుంది, లోపలికి దిగదు. వాడుక భాషలో అనువాదాలు వచ్చాయి, ఫోన్లో ఉచితంగానే దొరుకుతాయి. కుటుంబ ప్రార్థనలో ముందు అది చదివి, తర్వాత అదే భాగం పాత అనువాదంలో చదవండి. పిల్లలు ఇంగ్లీషులో చూసుకుంటామంటే చూసుకోనివ్వండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. వారానికి రెండు అధ్యాయాలైతే రెండు నెలల్లో అయిపోతుంది.

మొత్తం ఇరవై నిమిషాలు దాటకూడదు: చదవడానికి ఏడెనిమిది, మాట్లాడుకోవడానికి మరో ఎనిమిది, మిగిలింది ప్రార్థనకు. అడగాల్సినవి రెండే. ఇందులో నీకు అర్థం కానిదేంటి? నీకు నమ్మబుద్ధి కానిదేంటి? రెండోది అడగడానికి అమ్మానాన్నలకు గుండె జారుతుంది, అందుకే అదే అడగాలి. సాధారణంగా ఇదంతా చెడేది చివరి ప్రార్థనలో. నాన్న కళ్లు మూసుకుని, "ప్రభువా, వీడికి చదువు మీద బుద్ధి దయచేయండి, చెడు సావాసాలు తీసివేయండి" అని మొదలుపెడతాడు. దేవుడికి చెప్తున్నట్టు కొడుకుని తిట్టడమన్నమాట. అలా రెండుసార్లు జరిగితే మూడో రోజు వాడికి ప్రార్థన వేళకే తలనొప్పి వస్తుంది.

సంఘంలో చేయాల్సిన పని ఇంకోటి ఉంది: ప్రశ్నల పెట్టె. మూతకు చీలిక పెట్టిన అట్టపెట్టె చాలు. అందరికీ ఒకే సైజు చీటీలు, ఒకే రంగు పెన్నులు, పేర్లు రాయనక్కర్లేదు. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక ముప్పావు గంట, మూడే ప్రశ్నలు. అమ్మానాన్నలు ఆ గదిలో ఉండకూడదు. చీటీలు వారం ముందే పాస్టరు గారికి చేరాలి, అప్పటికప్పుడు చెప్పబోతే అది ప్రసంగమైపోతుంది. "నాకు తెలీదు, చదివి వచ్చే నెల చెప్తాను" అనే హక్కు ఆయనకుండాలి. ఆ మాట ఒక్కసారి అన్నాడంటే పిల్లలకు ఆయన మీద గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఎలాంటి ప్రశ్నలొస్తాయి? "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను అని యోహాను సువార్తలో ఉంది. అదే యోహాను పత్రికలో లోకాన్ని ప్రేమించొద్దని ఉంది. ఏది నిజం?" మంచి ప్రశ్న. గదమాయించకుండా మొదటి పత్రిక రెండో అధ్యాయం తీసి, 15వ వచనంతో ఆపకుండా 16 కూడా చదివించండి. ఆ లోకం ఏమిటో అక్కడే ఉంది: శరీరాశ, నేత్రాశ, జీవపు డంబం. మొదటి చోట లోకమంటే మనుషులు, రెండో చోట మనుషుల్ని తినేసే ఆ యావ. మనం చేసింది తలకిందులు. క్లాస్‌మేట్లను, సినిమాలను 'లోకం' అని దూరం పెట్టాం. డంబాన్ని మాత్రం పెళ్లి ఫంక్షన్ హాలు దాకా తెచ్చుకున్నాం.

ఇంకో చీటీ ఎప్పుడూ ఉంటుంది: ఆదికాండంలో దేవుడు సూర్యుణ్ణి నాలుగో రోజు చేస్తే మొదటి మూడు రోజులు ఎలా లెక్కపెట్టారు? ఇది సైన్సు టీచరు నేర్పిన తిరుగుబాటు కాదండీ. 354లో పుట్టిన క్రైస్తవ పండితుడు అగస్టీనే ఆ రోజులు మన రోజుల్లాంటివేనా అని తల బద్దలు కొట్టుకున్నాడు. ఆ సంగతి చెబితే చాలు, అడిగినందుకు తాను దారి తప్పలేదని పిల్లాడికి ధైర్యమొస్తుంది.

పెట్టె ఎప్పుడు చచ్చిపోతుందంటే, సంఘ పెద్ద ఒకాయన చేతిరాత పోల్చిన రోజు. లేదా మరుసటి ఆదివారం పుల్పిట్ మీంచి "ఈ మధ్య కొందరు పిల్లలు తెలివి మీరి..." అన్న రోజు. ఆ నెల నుంచి ఖాళీ పెట్టే.

కాలేజీలో ఇంకో రకం మాటలు పడతారు. "మీది విదేశీ మతం", "బియ్యం కోసం మారారు". వీటికి మన పిల్లల దగ్గర కోపం ఉంటుంది గానీ జవాబుండదు, ఎందుకంటే సొంత చరిత్ర మనం చెప్పలేదు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో సువార్తను మోసిన మొదటి కాళ్లు యర్రగుంట్ల పేరయ్యవి, 1866లో బాప్తిస్మం తీసుకున్న తెలుగు మాదిగ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, కానీ కూలీ కోసమే వచ్చారన్న మాట పడకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మందికి ఇచ్చారు. వాళ్లంతా పరిశుద్ధులని చెప్పక్కర్లేదు. కథ మాత్రం పూర్తిగా చెప్పాలి.

అలాగే కుల సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవులైన దళితులు మన రెండు రాష్ట్రాల్లో బీసీ-సి. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చిలో ఒక పేరు, కాగితంలో ఒక పేరు. తప్పొప్పులు ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ పదిహేనేళ్లకే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పండి. హాస్టల్లో ఎవడో వెక్కిరిస్తూ చెబితే, అబద్ధమాడకూడదని నేర్పిన సండే స్కూలంతా ఆ రాత్రే వాడికి అబద్ధమైపోతుంది.

ఆఖరికి ఒక చిన్న పని. జూన్, జులైల్లో మీ సంఘం నుంచి ఎవరెవరు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వెళ్తున్నారో రాయండి. పేరు, కాలేజీ, హాస్టలు ఉన్న ఏరియా. అక్కడ తెలిసిన ఒక సంఘానికో, ఆ కాలేజీలో యూఈఎస్ఐ (క్రైస్తవ విద్యార్థుల సంస్థ) వాళ్లుంటే వాళ్లకో, ఆ పిల్లల్ని అడిగి మరీ నంబరు ఇవ్వండి. మొదటి మూడు ఆదివారాల్లోపే ఎవరో ఒకరు వెళ్లి టీ తాగించి రావాలి. ఆలస్యమైతే ఆదివారం అంటే బట్టలుతుక్కునే రోజని వాడికి అలవాటైపోతుంది. చందాల రిజిస్టరు అంత పద్ధతిగా రాసే మన సంఘాల్లో ఈ లిస్టుకి ఒక పేజీ దొరక్కపోదు.