నిందకు జడిసి పంట్ కొడితే

2009 నవంబర్ 15న ఇండియానాపొలిస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ కోచ్ బిల్ బెలిచిక్ పంట్ కొట్టించకుండా తెగించిన పనిని ఇప్పటికీ తప్పుబట్టేవాళ్లున్నారు. ఆయన చేసింది సరైన పనేనని నా వాదన.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే బంతి తమ దగ్గరే ఉంటుంది. మూడు అయిపోయాక చాలామంది కోచ్‌లు పంట్ కొట్టించి బంతిని దూరంగా తన్నేస్తారు, లేదా 3 పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకుంటారు. నాలుగోసారీ తెగించి విఫలమైతే బంతి అక్కడికక్కడే ప్రత్యర్థి చేతికి పోతుంది మరి.

ఆ రాత్రి పేట్రియాట్స్ 34-28 ఆధిక్యంలో ఉంది. మిగిలింది రెండు నిమిషాల పైచిలుకు. బంతి తమ గోల్‌కి 28 గజాల దూరంలో ఉంది, కావాల్సింది 2 గజాలు. అవతల కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) పేటన్ మానింగ్ ఆ చివరి క్వార్టర్‌లోనే జట్టుకు రెండు టచ్‌డౌన్లు (బంతిని గోల్ గీత దాటించడం; ఒక్కోటి 6 పాయింట్లు, పైన అదనంగా 1 లేదా 2) తెచ్చిపెట్టి మంచి ఊపు మీదున్నాడు. బెలిచిక్ తెగించాడు. తమ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ విసిరిన బంతిని కెవిన్ ఫాక్ అందుకున్నాడు గానీ, కావాల్సిన 2 గజాలకు కాస్త ఇవతలే ఆగిపోయాడని రెఫరీలు తేల్చారు. కోల్ట్స్ 35-34తో గెలిచింది.

లెక్క వేసి చూద్దాం. ఆ 2 గజాలు దొరికే అవకాశం నూటికి 60 అనుకోండి. దొరికితే ఆట దాదాపు అయిపోయినట్టే. దొరక్కపోతే అంత దగ్గర నుంచి మానింగ్ గెలిపించే అవకాశం సగానికి సగం. అంటే మొత్తం మీద ఓడే ప్రమాదం నూటికి 20. పంట్ కొడితే అతను 70 గజాల దాకా పోవాలి. ఆ ఊపులో నాలుగింట ఒకసారి సాధిస్తాడనుకున్నా ప్రమాదం 25కి పెరుగుతుంది. అంకెలు కొంచెం అటూ ఇటూ అయినా అది పిచ్చి తెగింపు మాత్రం కాదు.

జట్లు అవసరానికి మించి కిక్ కొడుతున్నాయని ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో చూపించాడు. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తుంది. పంట్ కొట్టి ఓడితే తిట్లు డిఫెన్స్‌కి పడతాయి, తెగించి ఓడితే కోచ్‌కి పడతాయి. 2021 జనవరిలో గ్రీన్ బే కోచ్ మాట్ లఫ్లూర్‌నే చూడండి. 8 పాయింట్లు వెనకబడి, గోల్‌కి 8 గజాల దూరంలో, చేతిలో ఆరన్ రాడ్జర్స్ లాంటి క్వార్టర్‌బ్యాక్ ఉండగా ఫీల్డ్ గోల్ కొట్టించాడు. ఆ తర్వాతా గెలవడానికి టచ్‌డౌన్ కావాల్సిందే! బంతి మళ్లీ వాళ్ల చేతికి రానే లేదు. ప్రత్యర్థి టాంపా బే 31-26తో గెలిచింది.

2024 జనవరిలో డెట్రాయిట్ కోచ్ డాన్ కాంప్‌బెల్ రెండో సగంలో రెండుసార్లు తెగించి, రెండుసార్లూ విఫలమై, శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 34-31తో ఓడాడు. మొదటిసారి బంతి జాష్ రేనాల్డ్స్ చేతుల్లోంచి జారిపోయింది. ఆధిక్యం 14 ఉన్నప్పుడు ఫీల్డ్ గోల్ కొడితే 17 అయ్యేదన్న మాట నిజమే. కానీ 45 గజాల పైన కిక్ కూడా ఖాయమైనదేమీ కాదు. జట్టు యజమానులు ఎక్కడ తెగించాలో సీజన్‌కు ముందే కోచ్‌తో మాట్లాడుకుని, ఇలా ఓడిన మర్నాడు కూడా ఆయన వెనక నిలబడాలి.