పడితే పడ్డారు, ఎక్కడి నుంచో సెలవివ్వండి

మనిషి కింద పడడం సామాన్య విషయమని భావించే అమాయకులు, 2015 అక్టోబరు 1 నుంచి అమెరికాలో అమల్లో ఉన్న ఐసీడీ-10-సీఎం అనే రోగనిర్ధారణ కోడ్ల గ్రంథాన్ని ఒకసారి తిరగేయవలసిందిగా మనవి. అంతకుముందు సుమారు 14 వేల కోడ్లతో ఎలాగో నెట్టుకొచ్చిన ఆ దేశపు వైద్యం, ఆనాటితో 70 వేల దరిదాపులకు ఎదిగింది. మంచం మీది నుంచి పడితే డబ్ల్యూ06, కుర్చీ మీది నుంచైతే డబ్ల్యూ07, నిచ్చెన మీది నుంచైతే డబ్ల్యూ11. కమోడ్ మీది నుంచి పడినవారిలో మాత్రం రెండు తెగలున్నాయి: పడుతూ దేనికైనా కొట్టుకున్నవారు వేరు, ఏమీ తగలకుండా పడినవారు వేరు.

ఇంతటి తారతమ్య జ్ఞానం చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఏమైపోయిందన్నదే నా అభ్యంతరం. చెట్టు మీది నుంచి ఎవరు పడినా డబ్ల్యూ14 ఒక్కటే. మోకు తెగి తాటిచెట్టు మీది నుంచి పడిన గీత కార్మికుణ్ణీ, జామకాయకు ఆశపడి కొమ్మ జారిన పిల్లవాణ్ణీ ఒకే గాటన కట్టడం శాస్త్రమనిపించుకోదు. అమెరికాలో కల్లుగీత లేదు కదా అంటే అది సమాధానం కాదు. అంతరిక్ష నౌక ప్రమాదంలో గాయపడినవారికి కోడ్ సిద్ధం చేసి పెట్టుకున్నవారు తాటిచెట్టు అరుదని తప్పించుకోజాలరు.

ఎత్తు విషయంలో వారి శ్రద్ధను మాత్రం మెచ్చుకోక తప్పదు. విమానంలో గాలి పీడనం మారి చెవి దెబ్బతింటే, అది విమానం పైకి లేస్తున్నప్పుడా, కిందికి దిగుతున్నప్పుడా అన్నదాన్ని బట్టి కారణపు కోడ్ మారుతుంది కాబట్టి, ప్రయాణికుడు చెవి మూసుకుని బాధపడుతూనే కిటికీలోంచి చూసి గుర్తుపెట్టుకోవాలి. 3 వేల మీటర్లకు పైగా ఎత్తున ఉన్న కొలరాడోలోని లెడ్‌విల్‌లో తలనొప్పి పుట్టి, అది కొండ జబ్బని వైద్యుడు తేలిస్తే టీ70.29, దానికి బాహ్య కారణంగా డబ్ల్యూ94.11, అంటే ఎత్తైన చోట నివాసం లేదా దీర్ఘకాలపు మకాం. అద్దెకు దిగడం కూడా ప్రమాదాల జాబితాకెక్కిన అధ్యాయమిది.

గాయానికి, జబ్బుకు బాహ్య కారణాన్ని తెలిపే ఈ అధ్యాయంలోని కోడ్లు వేసి తీరాలన్న జాతీయ స్థాయి నిర్బంధమేదీ లేదు. రాష్ట్రమో, బీమా సంస్థో అడిగితే వేయాలి. అడిగిన చోట, అమీర్‌పేటలో శిక్షణ పొంది హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగుల రికార్డులు చదివి వాటికి కోడ్లు వేసే మన మెడికల్ కోడర్, కమోడా, కుర్చీయా అని ఆశగా వెతుకుతాడు. వైద్యుడు రాసింది ‘పేషెంటు పడ్డాడు’ అన్నంత వరకే. రాయనిది ఊహించే హక్కు కోడర్‌కు లేదు కనుక చివరికి మిగిలేది డబ్ల్యూ19, అనగా ఎలా పడ్డారో పేర్కొనబడని పతనం. దాన్నయినా అలా మూడు అక్షరాలతో పంపరాదు. మూడు ఎక్స్‌లు, చివర ఒక ఏ చేర్చి ఏడు స్థానాలూ నింపాలి. ఒక్క ఎక్స్ తగ్గినా ఆ తెలియనితనం చెల్లదు.