హార్డ్‌డిస్క్ పోయిందని తేల్చేదెవరు?

మా బావకి దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఇన్నేళ్ల పనంతా ఒకే 1 టీబీ హార్డ్‌డిస్క్‌లో దాచుకున్నాడు. కంప్యూటర్ స్లో అయిందని మొన్న ఎండాకాలంలో కొత్తగా ఎమ్.2 ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డు మీదే నేరుగా గుచ్చే వేగమైన డ్రైవ్) వేయించాడు. విండోస్ ఇట్టే తెరుచుకుంది. కానీ లోపల డీ డ్రైవ్ లేదు. షాపులో కుర్రాడు కేబుల్ ఒకసారి కదిపి చూసి, "డిస్క్ పాతది కదండీ, పోయింది. రికవరీకి ఇవ్వాలి, వేలల్లో అవుతుంది" అనేశాడు.

ఆ రాత్రి బావ టెన్షన్ పడుతూ ఫోన్ చేశాడు. మర్నాడు వెళ్లి కేబినెట్ పక్క రేకు విప్పాను. చెయ్యి ఆనించి చూస్తే డిస్క్ సన్నగా తిరుగుతూనే ఉంది. బోర్డు మీద డిస్క్ కేబుల్ గుచ్చే సాటా పోర్టుల పక్కన ఉండే అంకెలు టార్చి వేస్తేగానీ కనపడలేదు. డిస్క్ కేబుల్ ఐదో నంబరులో ఉంది. ఆపేసి, కేబుల్ పీకి ఒకటో నంబరులో పెట్టి మళ్లీ ఆన్ చేస్తే డీ డ్రైవ్ వచ్చేసింది. ఒక్క ఫైలు కూడా పోలేదు. బోర్డుతో పాటు వచ్చిన పుస్తకంలో ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఈ సంగతి రాసే ఉంది: ఎమ్.2 స్లాట్ వాడితే ఐదు, ఆరు సాటా పోర్టులు పనిచేయవని.

ఎందుకలా? బోర్డు మీది పోర్టుల్ని నడిపే చిప్‌సెట్ నుంచి బయటికొచ్చే హైస్పీడ్ లైన్లు లెక్కగా ఉంటాయి. అన్ని సాకెట్లకూ తలా ఒకటి ఇవ్వలేక, చాలా బోర్డుల్లో ఒకే లైనును అటు ఎమ్.2కీ ఇటు సాటా పోర్టుకీ కలిపి పెడతారు. మన కాలనీల్లో నీళ్లు వదిలే పద్ధతి గుర్తు చేసుకోండి. ఈ వీధికి వాల్వ్ తిప్పితే పక్క వీధి నల్లా ఆగిపోతుంది. నల్లా చెడిపోయిందని అప్పుడెవరూ ప్లంబర్‌ని పిలవరు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే చేస్తున్నాం.

నా ఫిర్యాదు ఒక్క షాపు మీద కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చిప్‌సెట్ పేరు చెప్పగానే దాని గుణాలన్నీ ఒప్పజెప్పే మెకానిక్‌లు నాకు తెలుసు. అసలు చిక్కంతా 'పిన్ను పట్టిందంటే పనిచేస్తుంది' అనే నమ్మకంతోనే. ఆ నమ్మకం తప్పినప్పుడు నింద హార్డ్‌డిస్క్ మీద పడుతుంది. బోర్డును ఎవరూ అనుమానించరు.

ఇది కొత్త సమస్యేమీ కాదు. వయా కంపెనీ వీటీ8237 లాంటి చిప్‌లున్న పాత బోర్డులు సెకనుకు 1.5 గిగాబిట్ల సాటా కోసం చేసినవి. ఆ తర్వాత 3 గిగాబిట్ల డిస్కులొచ్చాయి. కొత్త డిస్క్ పాత బోర్డుతో కలిసినప్పుడు రెండూ తక్కువ వేగానికి దిగి సర్దుకోవాలి. ఈ చిప్‌ల దగ్గర ఆ సర్దుబాటు కుదిరేది కాదు, డిస్క్ అసలు కనపడేదే కాదు. దానికి మందు డిస్క్ వెనక రెండు పిన్నుల మీద పెట్టే సగ్గుబియ్యం గింజంత జంపర్. ఆ జంపర్ సంగతి తెలియక మంచి డిస్కుల్ని 'బ్యాడ్ పీస్' అని తిప్పి పంపినవాళ్లు ఎందరో!

తప్పు చిప్‌సెట్‌దేనని తయారీదారే బహిరంగంగా ఒప్పుకున్న సందర్భమూ ఉంది. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్ సరఫరా ఆపేసింది. అందులోని 3 గిగాబిట్ల సాటా పోర్టులు కాలం గడిచేకొద్దీ బలహీనపడొచ్చని, వాటికి తగిలించిన డ్రైవ్‌ల పనితీరు దెబ్బతినొచ్చని చెప్పింది. 6 గిగాబిట్ల పోర్టులు రెండూ బాగానే ఉన్నాయి. మరమ్మతులకు, మార్పిడికి 70 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. ఆ ప్రకటనే రాకపోతే, డిస్క్ మొరాయించిన ప్రతిచోటా మనం డిస్క్‌నే తిట్టుకునేవాళ్లం.

అన్నిటికంటే నాకు భయం వేసేది డిస్క్ సైజు తప్పుగా చూపించినప్పుడు. పాత డ్రైవర్లు (డిస్క్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న కొన్ని సిస్టమ్‌లలో 3 టీబీ డిస్క్ 746 జీబీగా కనిపిస్తుంది. సెక్టార్లు, అంటే డిస్క్‌లో డేటా దాచే చిన్న చిన్న గదులు, లెక్కపెట్టే అంకె 32 బిట్ల దగ్గర నిండిపోయి, 2.2 టీబీ దాటగానే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అంతకుముందు తరంలో ఇలాంటి గోడే 137 జీబీ దగ్గర ఉండేది. డేటా ఉన్న డిస్క్‌ను అలాంటి సిస్టమ్‌కి తగిలించి, అది అడిగింది కదా అని 'ఇనిషియలైజ్' (కొత్త డిస్క్‌లా సిద్ధం చేయడం) నొక్కి ఫార్మాట్ చేశారంటే, బాగున్న డిస్క్‌లోని ఫైళ్లను చేతులారా పోగొట్టుకున్నట్టే.

డిస్కులు నిజంగానే పోతాయి, కాదనను. టక్ టక్‌మని శబ్దం వస్తుంటే, డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో చెడిన సెక్టార్లు పెరుగుతుంటే ఆలస్యం చేయకుండా డేటా కాపీ చేసుకోవాల్సిందే. ఆ లక్షణాలేవీ లేని డిస్క్‌ను మాత్రం ముందు వేరే పోర్టులో, ఆ తర్వాత వేరే కంప్యూటర్‌లో పెట్టి చూడాలి. అదంతా పది నిమిషాల పని. కస్టమర్ ఎదురుగా ఆ పది నిమిషాలు పెట్టకుండా 'పోయింది' అనే హక్కు ఏ షాపుకీ లేదు.

బిల్లు మీద బోర్డు మోడల్, చిప్‌సెట్ పేరు, ఏ స్లాట్ వాడితే ఏ పోర్టు ఆగుతుందో ఒక్క ముక్క రాసిస్తే షాపుకి పోయేదేమీ లేదు. బావ కంప్యూటర్‌కి ఆ పని నేనే చేశాను. తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఎస్ఎస్‌డీ ఉన్నంతకాలం 5, 6లో ఏదీ పెట్టొద్దు" అని రాసి, కేబినెట్ రేకు లోపలి వైపు అంటించి వచ్చాను.